ప్రతి వినియోగమూ వినియోగమే

మా జీడి పరిశ్రమాభివృద్ధి మండలిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్ళలో నాకు దక్కిన ఏకైక పదవి ‘డేటా సంరక్షకుడు’. అది అయిదు రోజులు వెలగబెట్టాను. ఆ అయిదు రోజుల మీద విచారణ మాత్రం అయిదు నెలలు నడిచింది.

అసలు తప్పు మాది కాదు, మాకన్నా ముందు విదేశం వెళ్ళొచ్చిన మరో మండలి వాళ్ళది. పనసకాయ నిల్వ పద్ధతులు అధ్యయనం చేసి రండని పంపితే, ఇచ్చిన ప్రీపెయిడ్ ఇంటర్నెట్ అంతా హోటల్ గదిలో కూర్చుని టీవీ సీరియళ్ళు చూడడానికి వాడేశారట. ఇదేమిటని అడిగితే, ఆ సీరియల్లో కథానాయిక ఇంటి పెరట్లో పనసచెట్టు ఉందని ఒకాయన లిఖితపూర్వకంగా జవాబిచ్చాడు. దాంతో ‘డిజిటల్ పారదర్శకత విభాగం’ పుట్టింది. దానికి ప్రత్యేకాధికారిగా కందాళ శ్రీవల్లభం గారు వచ్చారు. ఆయన పదిహేను రోజులు గది తలుపులు వేసుకుని, నలభై రెండు పేజీల ‘విదేశీ పర్యటనలలో ప్రీపెయిడ్ అంతర్జాల వినియోగ నియమావళి’తో బయటికి వచ్చారు.

ఆ నియమావళి కింద మొదటి బలి మేమే.

మేమంటే ముగ్గురం. జాయింట్ డైరెక్టర్ మజ్జి త్రినాథస్వామి గారు, పదవీ విరమణకి పద్నాలుగు నెలల దూరంలో ఉన్నారు. టెక్నికల్ అసిస్టెంట్ బమ్మిడి ఊర్మిళ, కాంట్రాక్టు మీద ఉంది. మూడోవాణ్ణి నేను, సీనియర్ అసిస్టెంటు పేడాడ కూర్మారావుని. మేం వెళ్ళాల్సింది వియత్నాం. ఎందుకంటే ఉద్దానంలో మా మండలి షెడ్డులో ఒక వియత్నాం యంత్రం ఉంది. జీడి పిక్క వేస్తే పెంకు కోసి పప్పు బయటపెట్టాలి. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించాక అది పప్పుని కూడా కత్తిరించేసింది. వేసిన పిక్క వేసినట్టు ముక్కలు ముక్కలు. ఆ రోజు వేసిన చామంతి దండ ఎండి దాని మెడలో రెండేళ్ళుగా అలాగే ఉంది. పైన నీలం టార్పాలిన్.

ఆ షెడ్డులో ముప్ఫై ఏడుగురు ఆడవాళ్ళు చేత్తో పిక్కలు కొడతారు. ఎంత బూడిద రాసుకున్నా జీడి సొన తగిలి వేళ్ళు కాలి, నల్లబడి, చర్మం ఊడిపోతుంది. వేలిముద్రలుండవు. వాళ్ళలో ఊర్మిళ తల్లి దాలమ్మ ఒకతె. రేషను షాపులో ఆమె పది వేళ్ళూ వేలిముద్రల యంత్రం మీద పెట్టించి చూసి, డీలరు కాలివేళ్ళు కూడా పెట్టమంటాడేమోనని ఊర్మిళకి భయం.

యంత్రం ఎలా సర్దాలో తయారుచేసినవాళ్ళని ఫోన్లో అడగవచ్చని ఊర్మిళ రెండేళ్ళ కిందటే ఫైలు పెట్టింది. విదేశానికి ఫోన్ చేసే అనుమతి ఎవరివ్వాలో తేలకముందే, విదేశానికి మనుషుల్ని పంపే అనుమతి వచ్చేసింది.

ప్రయాణానికి ముందు మాకు శిక్షణ ఇచ్చారు. శ్రీవల్లభం గారు మైకు అక్కర్లేని గదిలో మైకు పట్టుకుని మాట్లాడారు.

“అంతర్జాలం కూడా ప్రభుత్వ ఆస్తే. కుర్చీ ఎలాగో, బీరువా ఎలాగో, జీబీ కూడా అలాగే. కంటికి కనిపించదు కాబట్టి దాని విషయంలో మరింత జాగరూకతతో వ్యవహరించవలసి ఉంటుంది. బృందం మొత్తానికి ఒకే సిమ్, ఆరు జీబీలు. అది సంరక్షకుని ఫోనులో ఉంటుంది. ఆ ఫోను సంరక్షకుని మెడలో ఉంటుంది. మిగతావారు ఆయన పరిసరాల్లో ఉండి సేవలు పొందవలెను. హోటల్ వైఫైలు నిషిద్ధం. మన రహస్యాలు బయటికి పోతాయి.”

జీడిపప్పులో రహస్యాలేమిటని నేనడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు ఊరికే రాదు.

“వాడిన ప్రతిసారీ పోర్టల్లో రుజువు పెట్టాలి. ఎందుకు వాడారో వాడిన వ్యక్తి ముఖం కనిపించేలా ఒక నిమిషం వీడియోలో చెప్పాలి. అర్ధగంటలోపు.”

ఊర్మిళ లేచింది. “సార్, గురువారం ఒక్కరోజే ఆ కంపెనీ పెద్ద ఫిట్టరు దొరుకుతాడట. ఇక్కడ షెడ్డులో మా అమ్మవాళ్ళు ఫోన్ పట్టుకుని యంత్రం చూపిస్తారు, అక్కడ ఆయన చూసి ఏ మరమేకు తిప్పాలో చెప్తాడు. వీడియో కాల్‌కి ఒక జీబీ పక్కన పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోండి. కానీ వాడకుండా మిగిలిన డేటాకి సంజాయిషీ ఇవ్వాలి. పేజీ ముప్ఫై ఒకటి.”

సోమవారం పొద్దున్న హో చి మిన్ నగరంలో దిగాం. విమానాశ్రయంలోనే సిమ్ కొని నా ఫోన్లో వేశారు. నేను దాన్ని తాడుతో మెడలో కట్టుకున్నాను. ఆన్ చేయబోతుంటే త్రినాథస్వామి గారు చెయ్యి పట్టుకున్నారు.

“ఆగు కూర్మారావు. రాహుకాలంలో మొదలెడితే ఆరు జీబీలూ ఆరిపోతాయి.”

“ఇక్కడ రాహుకాలం ఎప్పుడో మనకెలగ తెలుస్తాది సార్?”

ఆయన ఆలోచించారు. రాహుకాలం స్థానిక సూర్యోదయాన్ని బట్టి ఉంటుంది. స్థానిక సూర్యోదయం ఇంటర్నెట్లో ఉంటుంది. అందుచేత ఇంటర్నెట్ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ మొదలుపెట్టాం. చూస్తే అప్పుడు రాహుకాలమే.

అయినా నియమం నియమమే. విమానాశ్రయం మధ్యలో నిలబడి, రాహుకాలం చూసుకోవడానికి డేటా వాడామని త్రినాథస్వామి గారు ఒక నిమిషం వీడియోలో చెప్పారు. దాన్ని పోర్టల్లో పెట్టాం. పెట్టాక మీటర్ చూస్తే, రాహుకాలానికి అయినదానికి ముప్ఫై రెట్లు ఆ వీడియోకి అయింది.

అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది. వచ్చాక ఊరుకుంటే తర్వాత ఆడిట్ వాళ్ళకి వస్తుంది కదా అని పోర్టల్లో రాసి అడిగాను: ‘రుజువు పంపడానికి వాడిన డేటాకి కూడా రుజువు పంపవలెనా?’

పది నిమిషాల్లో శ్రీవల్లభం గారి నుంచి జవాబు: ‘ప్రతి వినియోగమూ వినియోగమే.’

మొదటి రుజువుకి రెండో రుజువు పంపాం. రెండోదానికి మూడోది. హోటల్ చేరేసరికి పదకొండో రుజువులో ఉన్నాం. ఊర్మిళ నెత్తి పట్టుకుంది.

“కూర్మారావు గారూ, ఇది ఎక్కడ ఆగుతాది?”

“డేటా అయిపోయిన చోట ఆగుతాదమ్మా.”

“గురువారం దాకా ఉంచండి. మీకు దండం పెడతాను. మీరు చూశారు కదేటి మా అమ్మ చేతులు?”

చూశాను. అందుకే ఆ రోజు నుంచి నేను పాలు దాచిన ఇంట్లో పిల్లిని చూసినట్టు అందరినీ చూడడం మొదలుపెట్టాను. అయినా లాభం లేకపోయింది. త్రినాథస్వామి గారికి పొద్దున్నే ఆఫీసు గ్రూపులో కమిషనర్ గారి శుభోదయానికి జవాబు పెట్టకపోతే గుండె దడ. అందుకని నేను స్నానానికి వెళితే తలుపు బయటే నిలబడి “కూర్మారావు, కొంచెం తలుపు దగ్గరగా జరుగు, సిగ్నల్ అందట్లేదు” అనేవారు. మా దుబాసీ హాన్ అనే అమ్మాయి ఇదంతా చూసి, మీ దేశంలో పెద్దాయన స్నానం చేస్తుంటే ఇలా కాపలా కాస్తారా అని ఊర్మిళని అడిగింది.

హోటల్ ఎదురుగానే చెరుకురసం బండి పక్కన సిమ్ కార్డులు అమ్ముతున్నారు. ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అంది హాన్. ఆ అమ్మాయికి పేజీ ఇరవై ఆరు తెలియదు. రెండో సిమ్ కొనాలంటే ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తుకి మొదటి సిమ్‌లో డేటా పూర్తిగా అయిపోయినట్టు రుజువు జతపరచాలి. ఆ దరఖాస్తు మొదటి సిమ్ డేటాతోనే పంపాలి.

మంగళవారం సాయంత్రం లెక్క చూసి ముగ్గురం కూడబలుక్కున్నాం. గురువారం దాకా ఫోన్ ముట్టుకోకూడదు. త్రినాథస్వామి గారు కమిషనర్ గారికి శుభోదయం మనసులోనే చెప్పుకుంటానని ఒప్పుకున్నారు. ఆయనకది చిన్న త్యాగం కాదు.

బుధవారం ఆరు గంటలు బుద్ధిగా గడిచాయి. ఏడో గంటలో నా మెడలో ఫోన్ కీచుమంది. ‘వినియోగ శూన్యత గమనించబడినది. డేటా వాడకపోవుటకు కారణమును వీడియో ద్వారా తెలియజేయవలెను.’ తెలియజేశాం. ఎందుకు తెలియజేశామో కూడా తెలియజేశాం.

ఆ వెంటనే శ్రీవల్లభం గారికి మా మీద అనుమానం వచ్చి, అత్యవసర సమీక్ష పెట్టారు. విషయం: ‘విదేశాల్లో డేటా పొదుపు’. గంటంబావు వీడియో సమావేశం. ముగ్గురి ముఖాలూ కనిపించాలి, కెమెరా ఆపకూడదు.

“పొదుపు అనేది ఒక సంస్కృతి” అంటూ మొదలుపెట్టారాయన. నేను ఆయన ముఖం చూడలేదు. తెర మూలన తరిగిపోతున్న అంకె చూస్తూ కూర్చున్నాను. ఊర్మిళ కూడా అదే చూస్తోంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, శ్రీవల్లభం గారు తన ప్రసంగానికే అనుకుని ఇంకో పావుగంట పొడిగించారు.

గురువారం ఉదయం కర్మాగారానికి వెళ్ళాం. మిగిలింది అర జీబీకి కొంచెం ఎక్కువ. చాలు అన్నాను నేను. పెద్ద ఫిట్టరు తువాన్ గారు మా కోసమే వచ్చారు. అరవై దాటిన మనిషి, జేబులో అడుగు బద్ద. లోపల అచ్చం మా యంత్రాల్లాంటివే వరసగా తిరుగుతున్నాయి. ఒక్కోదాని దగ్గర ఒక్కో ఆడమనిషి తెల్లటి చేతులతో పప్పు ఏరుతోంది. ఊర్మిళ యంత్రాల్ని చూడలేదు. ఆ చేతుల్నే చూస్తూ నిలబడిపోయింది.

గోడ మీద వైఫై పాస్‌వర్డ్ అంత లావు అక్షరాలతో రాసి ఉంది. త్రినాథస్వామి గారు దాన్ని చదవకుండా ముఖం తిప్పుకున్నారు. చదివినా వినియోగమేనేమోనని ఆయన భయం.

కాల్ కలిసింది. షెడ్డులో టార్పాలిన్ తీసి, చామంతి దండ పక్కన పెట్టి, ముప్ఫై ఏడుగురూ యంత్రం చుట్టూ మూగి ఉన్నారు. దాలమ్మ ముందుంది.

“ఏటే ఊర్మిళా, అన్నం తిన్నావా?”

“అమ్మా, అవన్నీ తరవాత. పిక్కలేసి ఆడించు, ఆయన చూస్తారు.”

ఆడించారు. ముక్కలు పడ్డాయి. తువాన్ గారు తల అడ్డంగా ఊపి, పిక్కని దగ్గరగా చూపించమన్నారు. దాలమ్మ రెండు వేళ్ళతో పిక్క పట్టుకుని కెమెరా ముందు పెట్టింది. ఆయన కొంతసేపు పిక్కని చూడలేదు. హాన్‌తో ఏదో అన్నారు.

“ఆమె చెయ్యి ఇవాళ కాలిందా అని అడుగుతున్నారు” అంది హాన్.

“ఇవాళ కాదు” అంది ఊర్మిళ.

ఆయన అడుగు బద్ద తీశారు. మీ పిక్కలు మావాటికన్నా చిన్నవి, రెండు కత్తుల మధ్య ఎడం ఆ కొలతకి సర్దాలి, కుడివైపు కింద ఒక మరమేకు ఉంటుంది, దాన్ని... అంటూండగా బొమ్మ ఆగిపోయింది. పన్నెండు నిమిషాలే అయింది. తర్వాత తెలిసింది, కాల్ జరుగుతూండగానే దాని రుజువు కూడా దానంతటదే పోర్టల్లోకి వెళుతోందట. నియమావళి తాజా సవరణ. మేం ఎంత మాట్లాడామో అంత డేటా, మాట్లాడామని నిరూపించడానికి మరంత.

తెర మీద దాలమ్మ బొమ్మ, చేతిలో పిక్కతో, అలాగే ఉండిపోయింది.

తువాన్ గారు తన జేబులోంచి తన ఫోన్ తీసి, నంబరు చెప్పమన్నట్టు ఊర్మిళ ముందు పెట్టారు. ఊర్మిళ త్రినాథస్వామి గారి వంక చూసింది. అనుమతి లేని ఫోన్, విదేశీ వైఫై, పోర్టల్లో రుజువు లేని కాల్. ఆ పిల్లకైతే కాంట్రాక్టు పోతుంది. ఆయనకైతే పెన్షన్ ఆగుతుంది.

త్రినాథస్వామి గారు పొట్ట పట్టుకున్నారు.

“కూర్మారావు, రాత్రి తిన్నది పడలేదోయ్. నేను బయట బెంచీ మీద ఓ గంట కూర్చుంటాను. నేను లేనప్పుడు ఏటి జరిగినా నాకు తెలీదు. అర్థమయిందా?”

“అయింది సార్.”

“గంట చాలకపోతే రెండు గంటలు కూర్చుంటాను” అని వెళ్ళిపోయారు.

నేను మెడలో తాడు తీసి, ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీలోంచి బయట ఎండ చూశాను. సంరక్షించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చేసిన మొదటి ధైర్యం అదే.

వెనక నుంచి ఊర్మిళ గొంతు వినపడుతూనే ఉంది. “కుడి పక్కనమ్మా... అది కాదు, దాని కిందది... సగం తిప్పు. సగమే!” తర్వాత యంత్రం చప్పుడు. తర్వాత ముప్ఫై ఏడుగురూ ఒక్కసారే అరిచారు. అందులో దాలమ్మ గొంతు పైకి వచ్చింది.

“ఓలమ్మ ఓలమ్మ! పప్పు నిండుగా పడతందే! ముక్క కూడా లేదే!”

నేను కిటికీ వైపే తిరిగి ఉన్నాను. ఏడుస్తున్న సీనియర్ అసిస్టెంటుని ఎవరూ చూడనక్కర్లేదు.

తిరిగొచ్చిన మూడో వారంలో మెమో వచ్చింది. భాష శ్రీవల్లభం గారిది.

‘ప్రతినిధి బృందము జరిపితిమని చెప్పుచున్న వీడియో కాలులో పన్నెండు నిమిషములకు మాత్రమే రుజువు కలదు. సదరు పన్నెండు నిమిషములలో యంత్రము పని చేయలేదు. తదుపరి కాలమునకు డేటా వినియోగము లేదు. వినియోగము లేనిచో కాలు లేదు. కాలు లేనిచో మరమ్మతు లేదు. కావున యంత్రము పని చేయుట లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. పని చేయని యంత్రమును నడుపుట శిక్షార్హము. ఇందుకు టెక్నికల్ అసిస్టెంటు బాధ్యురాలిగా పరిగణింపబడును.’

మెమో పట్టుకుని నేనూ త్రినాథస్వామి గారూ షెడ్డుకి వెళ్ళాం. లోపల యంత్రం గిరగిరా తిరుగుతోంది. నేను గట్టిగా చదివి వినిపించాను. దాలమ్మ శ్రద్ధగా విని అడిగింది.

“అయితే ఇది తిరగట్లేదంటారేటి బాబూ?”

“ప్రభుత్వం దృష్టిలో తిరగట్లేదమ్మా.”

“పోనీండి. ఆళ్ళొచ్చినప్పుడు తిరగనట్టే ఉంచుతాం. నా కూతురి ఉద్యోగానికి ఏటీ కాకూడదు.”

త్రినాథస్వామి గారికి ఆ పూట మళ్ళీ కడుపులో బాగోలేక, బయటికి వెళ్ళి కూర్చున్నారు.

అయిదో నెలలో శ్రీవల్లభం గారే స్వయంగా విచారణకి వచ్చారు. ఆయన వస్తున్న కారు దుమ్ము కనిపించగానే యంత్రం ఆపి, టార్పాలిన్ కప్పి, ఎండిన దండ మళ్ళీ వేశారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేతికి అందిన పిక్కలు కొడుతున్నారు. ఆయన టార్పాలిన్ మీద చెయ్యి వేసి వెంటనే తీసేశారు.

“వేడిగా ఉందేమిటి?”

“ఎండకి బాబూ” అంది దాలమ్మ. షెడ్డుకి నాలుగు పక్కలా నీడే.

ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆయన దిగులు వేరే. ఒక్కొక్కరూ ‘యంత్రము పని చేయుట లేదు’ అన్న వాంగ్మూలం మీద వేలిముద్ర వేయాలి. కాగితం మీద కాదు, ఆయన తెచ్చిన చిన్న యంత్రం మీద. ముద్ర స్పష్టంగా పడితే పచ్చదీపం, పడకపోతే ఎర్రదీపం. ఎర్రదీపం వస్తే పోర్టల్ వాంగ్మూలం తీసుకోదు. కిందటేడు వేలిముద్రల సర్వేలో ఈ షెడ్డులో ముప్ఫై ఏడుగురికి ముగ్గురికే పచ్చదీపం వెలిగింది. ఆ శాతం చూసి కమిషనర్ గారు ఆయన్ని నలుగురిలో నిలదీశారట.

“ఈసారి ఎన్ని పడతాయో” అని నా చెవిలో గొణిగారు.

ఊర్మిళ గోడకి ఆనుకుని నిలబడింది. ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది. అయిదు నెలలుగా ఈ చేతులకి సొన తగల్లేదు. యంత్రం ఎండకి వేడెక్కిందని చెప్పొచ్చు. వేళ్ళకి ఏం చెప్తాం?

మొదట దాలమ్మ వచ్చింది. చెయ్యి చీరకొంగుతో తుడుచుకుని బొటనవేలు ఆనించింది.

పచ్చదీపం.

రెండో ఆమెకి పచ్చదీపం. మూడో ఆమెకీ. ముప్ఫై ఏడుగురు ఆడవాళ్ళు, యంత్రం పని చేయడం లేదని, ఆ యంత్రం తిరిగి తెచ్చిచ్చిన వేళ్ళతో ముద్ర వేశారు. ఒక్క ఎర్రదీపం వెలగలేదు. శ్రీవల్లభం గారి ముఖం వెలిగిపోతోంది.

“నూటికి నూరు శాతం! కూర్మారావు గారూ, రాష్ట్రంలోనే ప్రథమం! ఈ పరికరం ఎంత మెరుగుపడిందో చూశారా? దీని మీద ప్రత్యేక నివేదిక పంపుతాను. ఇక ఈ యంత్రం సంగతంటారా, పని చేయడం లేదని తిరుగులేని రుజువు వచ్చింది. ఫైలు మూసేస్తున్నాను. ఎవరి మీదా చర్య అక్కర్లేదు.”

ఊర్మిళ గోడకి ఆనుకునే మెల్లగా కిందికి జారి కూర్చుంది.

ఆయన పరికరాన్ని పెట్టెలో సర్దుతూంటే దాలమ్మ మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇంకోపాలి ఏస్తాను బాబూ.”

“అక్కర్లేదమ్మా. ఒక్కసారి పడితే చాలు.”

“పడిందని తెలుసు బాబూ. ఊరికే” అంటూ దాలమ్మ బొటనవేలు మళ్ళీ ఆనించింది. పచ్చదీపం వెలిగింది. ఆమె వేలు తీయకుండా దాని వంకే చూస్తూ నిలబడింది.